పెట్రీషియాలో కాపురం

నోలీన్ టక్‌వెల్ రెండేళ్లుగా ఇంకో ఆడదాని పేరు రాసి ఉన్న కొంపలో కాపురం చేస్తోంది. కొంప అంటే ఇరవై రెండడుగుల తెరచాప పడవ. ట్రైలర్ మీద ఎక్కించి, కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే రకం. ముక్కుకి రెండు పక్కలా నీలం రంగులో 'పెట్రీషియా' అని ఉంటుంది. మిల్డూరాలో దాన్ని అమ్మినావిడ "పేరు మార్చకండి, సముద్రానికి కోపం వస్తుంది" అని మరీ మరీ చెప్పింది. ఆ తర్వాత పెట్రీషియా సముద్రం మాట అటుంచి, మోకాలి లోతు చెరువులోకి కూడా దిగలేదు. కారవాన్లనే చక్రాల ఇళ్లు ఆగే పార్కుల్లో జనం మాత్రం పొద్దున్నే "బాగున్నావా పెట్రీషియా?" అని నోలీన్‌ని పలకరిస్తారు. మొదట్లో ఆవిడ సరిదిద్దేది. ఇప్పుడు పలికేస్తోంది.

పడవ కొనాలన్న బుద్ధి ఆవిడ మొగుడు క్లైవ్‌ది. క్లైవ్ నలభై ఏళ్లు హే పట్టణం చుట్టూ మట్టిరోడ్లు చదును చేసే బండి నడిపి రిటైరయ్యాడు. అతని ఈడు వాళ్లంతా రిటైరైన మర్నాడే కారవాన్ కొనుక్కుని దేశం చుట్టడానికి బయల్దేరారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. "కారవానా? అది ముసలాళ్లకి" అన్నాడు డెబ్బై ఒక్కేళ్ల క్లైవ్. మంచం ఉంటుంది, పొయ్యి ఉంటుంది, అవసరమైతే తేలుతుంది కూడా అని పడవని బండికి తగిలించుకొచ్చాడు.

నోలీన్‌కి కారవానే ఇష్టం. ముఖ్యంగా లోపల మరుగుదొడ్డి ఉన్న కారవాన్ ఇష్టం. అయినా ఒప్పుకుంది. దానికి కారణం ఒక బిస్కెట్ల డబ్బా.

ఆవిడ పుట్టి పెరిగింది విల్కానియాకి పడమటి వైపున, గొర్రెలూ ఎర్రమట్టీ తప్ప ఇంకేమీ లేని చోట. అక్కడి నది ఏడాదిలో సగం రోజులు నెర్రెలిచ్చి ఉండేది. వాళ్లమ్మ వంటింటి అలమరలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది, దాని మూత మీద నీలం నీళ్లలో తెల్ల తెరచాప పడవ బొమ్మ. అందులో గాలికి జుట్టు ఎగురుతున్న ఒకావిడ కూర్చుని ఉండేది. నోలీన్ ఆ ఆడమనిషిని చూసి ఏడేళ్ల వయసులోనే కుళ్లుకుంది. పందొమ్మిదో ఏట నుంచి గొర్రెల ఉన్ని కత్తిరించే గుంపుల వెంట వంటమనిషిగా తిరిగింది. ముప్ఫై మంది మగాళ్లకి రోజుకి ఐదు పూటలు వండి పడేసింది. మాంసం గట్టిగా ఉందన్నవాడికి మర్నాడు మాంసమే ఉండేది కాదు. అంతటి మనిషి మొగుణ్ణి జన్మలో అడిగింది ఒక్కటే. "సరే, ఈ పడవలోనే తిరుగుదాం. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తెరచాప ఎత్తి నన్ను నీళ్ల మీద తిప్పాలి."

"ఒక్కసారేం ఖర్మ? రోజూ తిప్పుతా" అన్నాడు క్లైవ్.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అప్పట్నుంచీ సాకులు మొదలయ్యాయి. పోర్ట్ అగస్టాలో గాలి ఎక్కువ. హార్వీ బేలో గాలి తక్కువ. కనునర్రాలో మొసళ్లు. బ్రూమ్‌లో ఆటుపోట్లు మరీ పెద్దవి. ఎయిర్ సరస్సు దగ్గర గాలి, వాతావరణం అన్నీ భేషుగ్గా కుదిరాయి కానీ సరస్సులో నీళ్లు లేవు. నోలీన్ ఊరుకోలేదు. సాయంత్రం ఐదింటికి పార్కులో అందరూ మడత కుర్చీలు వేసుకుని, ఐసు పెట్టెల్లోంచి బీర్లు తీసుకుని గుండ్రంగా కూర్చున్నప్పుడు, పడవల సంగతి తెలిసిన వాడెవడైనా కనిపిస్తే పట్టుకునేది. ముడులు వేయడం నేర్చుకుంది. స్తంభం నిలబెట్టడం, తెరచాప ఎత్తడం, దించడం నేర్చుకుంది. కూబర్ పీడీలో ఎడారి నడి మధ్యన తెరచాప పూర్తిగా ఎత్తి, దాని నీడలో పన్నెండుమందికి టీ ఇచ్చింది.

ఆ మే నెలలో వాళ్లు స్మోకీ బే చేరారు. మంగళవారం పొద్దున నోలీన్ బట్టలుతకడానికి పార్కు లాండ్రీలోకి వెళ్లింది. అక్కడి బోర్డు మీద క్లైవ్ చేతిరాత కనిపించింది.

'అమ్మబడును. తెరచాప పడవ, ట్రైలర్‌తో సహా. మా చేతికొచ్చాక ఒక్కసారి కూడా నీళ్లు తగలలేదు. కొత్తదానితో సమానం.'

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపైన కోపం వచ్చింది. తడి బట్టలు అక్కడే వదిలేసి, కాగితం చింపి పట్టుకుని వచ్చింది. క్లైవ్ పడవ ఎక్కే నిచ్చెన కింద కూర్చుని కాల్చిన రొట్టెకి వెజిమైట్ అనే నల్లటి ఉప్పటి ముద్ద రాసుకుంటున్నాడు.

"ఏంటిది?"

క్లైవ్ నీళ్లు నమిలాడు. "మోకాళ్లు నోలీ. రోజుకి పదిసార్లు ఈ నిచ్చెన ఎక్కి దిగడం ఇంక నావల్ల కాదు. పోర్ట్ లింకన్ నుంచి ఒకాయన శనివారం వస్తానన్నాడు."

"నన్నడగాలని తోచలేదా?"

"చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడూ? ఆయన కారుకి తగిలించుకుని పోతుంటే, చెయ్యి ఊపుతూనా?" అంది నోలీన్. "ఇవాళ మంగళవారం. గురువారం పొద్దున పదింటికి నీళ్లు పోటు మీద ఉంటాయి. అప్పుడు దింపుతున్నాం. నువ్వొస్తే ఇద్దరం వెళ్తాం. రాకపోతే నేనే వెళ్తా. నీ సాకులన్నీ ఒడ్డునే కూచోబెట్టుకుని టీ తాగించుకో."

ఈ మాట పార్కంతా పాకడానికి అరగంట పట్టలేదు. ఆ దేశంలో రిటైరైన మగాళ్లకి, పడవల్ని నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర కూర్చుని ఇంకొకడు ట్రైలర్‌ని వెనక్కి తోలలేక అవస్థపడుతుంటే చూడ్డాన్ని మించిన వినోదం లేదు. గురువారం తొమ్మిదింటికే ఎనిమిది కుర్చీలు వేసేశారు. ముందు వరసలో రెక్స్. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, రెండు ఫ్రిజ్‌లున్న కారవాన్‌కి యజమాని. క్లైవ్‌తో అతనికి రోజూ ఏదో ఒక తగువు.

"ఏం గురూ, ఆ పడవకి ఈత వచ్చా? లేక నీలాగా ఒడ్డున కబుర్లేనా?" అని కేకేశాడు రెక్స్.

"నువ్వు నోరు ముయ్యి. ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టొచ్చావేమో చూసుకో ఫో" అన్నాడు క్లైవ్. అతను ఒకదాని మీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఉన్నాడు.

వెనక్కి తోలడం దగ్గర మాత్రం క్లైవ్‌కి తిరుగులేదు. నలభై ఏళ్లు రోడ్డు బండి నడిపిన చెయ్యి. ఒక్క అంగుళం అటూ ఇటూ పోకుండా, సూదిలో దారం ఎక్కించినట్టు ట్రైలర్‌ని ర్యాంపులోకి దించాడు. కుర్చీల్లో వాళ్లకి చాలా నిరుత్సాహం కలిగింది. పడవ ట్రైలర్ మీంచి జారి, ఒకసారి ఊగి, తేలింది. పైన నిలబడిన నోలీన్ కాళ్ల కింద అది మెత్తగా కదిలింది. ఆ కదలికకి ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

క్లైవ్ తాడు పట్టుకుని పక్కనున్న చెక్కవంతెన మీద నిలబడ్డాడు. ఉన్నట్టుండి చేత్తో నెత్తి కొట్టుకున్నాడు.

"నోలీ! సింకు కింద చూడు!"

నోలీన్ లోపలికి దిగి సింకు కింద అర తలుపు తెరిచింది. బోరు వేసిన చోట ఉబికినట్టు నీళ్లు పైకి వస్తున్నాయి. పడవ అడుగున బొటనవేలు పట్టేంత గుండ్రటి కన్నం. గిన్నెలు కడిగిన నీళ్లు కింద పెట్టిన బకెట్‌లోకి పోవడానికి ఆ కన్నంలో ఎప్పుడూ ఒక గొట్టం ఉండేది. ఆ గొట్టాన్ని నిన్న సాయంత్రం క్లైవ్ చక్కగా చుట్టి పెట్టెలో సర్దాడు.

"ఈ కన్నం ఎప్పుడు కొట్టావు?" అని లోపల్నుంచే అరిచింది.

"కొన్న వారం."

"కొన్న వారమా!"

నోలీన్ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. నీళ్లు లంగా అంచుని తడిపాయి. సముద్రంలో దింపాలనుకున్న వాడెవడైనా పడవ అడుగున కన్నం కొడతాడా? గాలి, మొసళ్లు, ఆటుపోట్లు అంతా అబద్ధం. రోజూ తిప్పుతానన్న వారంలోనే మనిషి డ్రిల్లు పట్టుకుని మాట తప్పేశాడు.

ఒడ్డున కోలాహలంగా ఉంది. "లాగెయ్ గురూ, లాగెయ్! ట్రైలర్ అక్కడే ఉందిగా!" అంటున్నాడు రెక్స్. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

క్లైవ్ తాడు లాగడం మొదలుపెట్టాడు. నోలీన్ తల బయటికి పెట్టింది.

"తాడు వదులు."

"మునిగిపోతావే పిచ్చిదానా!"

"ఇప్పుడు పైకి లాగితే ఇది శనివారం అమ్ముడైపోతుంది. నాకు తెలుసు, నీకూ తెలుసు. ముప్ఫై మంది మగాళ్లు ఆకలేసి గోల చేస్తుంటేనే కంగారు పడలేదు, ఈ చిల్లికి పడతానా?"

లోపలికెళ్లి కూరల బుట్టలోంచి లావుపాటి క్యారెట్ తీసింది. చాకుతో నాలుగు చెక్కులు చెక్కి, కన్నంలో దూర్చి, చపాతీ కర్రతో రెండు దెబ్బలు వేసింది. నీళ్లు ఆగాయి. చెయ్యి తీస్తే క్యారెట్ మెల్లగా పైకి లేస్తోంది. మళ్లీ కొట్టింది. మళ్లీ లేచింది. దాని మీద ఎవరో ఒకరు కాలు వేసి కూర్చోక తప్పదని తేలింది.

"క్లైవ్! నాకు తెరచాపకి రెండు చేతులూ కావాలి. క్యారెట్‌కి ఒక మడమ కావాలి. వస్తున్నావా, లేదా?"

క్లైవ్ నీళ్లని చూశాడు. ర్యాంపుని చూశాడు. కుర్చీల్లో ఎనిమిదిమందీ నోళ్లు తెరుచుకుని తననే చూస్తున్నారు. అతను కళ్లు మూసుకుని, దేవుణ్ణీ ఇంకెవర్నో కలిపి బూతులు తిట్టి, పడవలోకి అడుగేశాడు. సింకు దగ్గర కూలబడి, కుడి మడమ క్యారెట్ మీద నొక్కి, రెండు చేతులతో అర తలుపుని పట్టుకున్నాడు.

నోలీన్ తెరచాప ఎత్తింది. రెండేళ్లు ఎడారుల్లో చేసిన సాధన ఊరికే పోలేదు. గాలి నేల మీంచి నీళ్లవైపుకే వీస్తోంది. చాప ఒక్కసారి పటపటమని కొట్టుకుని, నిండింది. పెట్రీషియా కదిలింది. ర్యాంపు చిన్నదైంది. కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నోలీన్ జుట్టు మొహం మీదంతా పడింది, రెండు వెంట్రుకలు నోట్లోకి కూడా పోయాయి. బిస్కెట్ల డబ్బా మీది ఆడమనిషి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆవిడకి అంత సంతోషం పెళ్లిరోజున కూడా కలగలేదు.

గంటసేపు అలా పోయాక కింద్నుంచి క్లైవ్ గొంతు వినిపించింది.

"బాగుంది నోలీ. చాలా బాగుంది. ఇంక వెనక్కి తిప్పు."

నోలీన్ చాప తాడు ఇంకాస్త బిగించింది.

"తిప్పమన్నానా?"

"తిప్పడం రాదు" అంది నోలీన్. "పార్కుల్లో తిప్పే పని పడలేదు. ఎత్తడం, దించడం వచ్చు."

"మరి మోటారు?"

"మోటారు పెట్టే చోట నువ్వు మాంసం కాల్చే పొయ్యి బిగించావు కదా మహానుభావా!"

వెంటనే చాప దించేసింది. పడవ ఇంకాస్త దూరం తనంతట తాను పోయి, అడుగున ఇసుక తగిలి ఆగింది. అప్పటికే ఆటు మొదలైంది. చూస్తుండగానే నీళ్లు చుట్టూ తగ్గి, నాలుగింటికల్లా పెట్రీషియా అఖాతం మధ్యలో తడి ఇసుకదిబ్బ మీద చదునుగా కూర్చుంది. క్లైవ్ మడమ తీశాడు. లోపలి నీళ్లన్నీ ఆ కన్నంలోంచే బయటికి పోయాయి. ఒడ్డు నుంచి ఫోన్ వచ్చింది: రాత్రి పోటు వచ్చాక ఆల్చిప్పలు పట్టే పడవ వాళ్లు వచ్చి లాక్కొస్తారనీ, అంతదాకా బుద్ధిగా ఉండమనీ రెక్స్ చెప్పాడు.

ఐదైంది. నోలీన్ నిచ్చెన దించి, ఇసుక మీద రెండు మడత కుర్చీలు వేసి, టీ పెట్టింది. దూరంగా ఒడ్డున ఎనిమిదిమందీ బీరు డబ్బాలు పైకెత్తి చూపించారు. క్లైవ్ రెండు లైఫ్ జాకెట్లతోనే కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు ఈత రాదు నోలీ" అన్నాడు చివరికి. "నీళ్లంటే భయం. చచ్చేంత భయం."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లైన ఏడాది నుంచి. తొట్టి స్నానం చేసేటప్పుడు కూడా కుళాయి పట్టుకునే కూచుంటావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశా. నలభై ఎనిమిదేళ్లయింది." ఆవిడ కప్పు కింద పెట్టింది. "అంత భయమున్న మనిషివి, పడవెందుకు కొన్నావు?"

క్లైవ్ ఒడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "మీ అమ్మ పోయాక ఆ ఇంట్లోంచి నువ్వు తెచ్చుకుంది ఆ బిస్కెట్ల డబ్బా ఒక్కటే కదా. కొనేసినప్పుడు ధైర్యంగానే ఉన్నా. వారం తిరిగేసరికి ధైర్యం పోయింది. అప్పుడే కన్నం కొట్టా."

రెండేళ్లకి సరిపడా తిట్లు నోలీన్ నోటిదాకా వచ్చాయి. అన్నీ అక్కడే ఆగిపోయాయి. మంచి తగువు చేజారిపోయిందని కొంచెం బాధపడింది కూడా. ఈ ముసలివాడి మీద ఇంకా ఇంత ఇష్టం మిగిలి ఉందని ఆవిడకే తెలియదు. చెయ్యి చాచి అతని తడి మోకాలి మీద వేసింది.

అప్పుడే క్లైవ్ జేబులో ఫోన్ మోగింది. పోర్ట్ లింకన్ ఆయన. శనివారం ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు. నోలీన్ చెయ్యి వెనక్కి తీసుకుని, టీ కెటిల్ వైపు చూస్తూ కూర్చుంది.

"రావొద్దండీ, అమ్మడం లేదు" అన్నాడు క్లైవ్. అవతలి మనిషి ఏదో అడిగాడు. "లేదు లేదు, రేటు గురించి కాదు. మా ఆవిడకి ఇంకా తిప్పడం రాలేదు."