దీనమ్మ గారి దెయ్యాల ఆట, నేను దాచిన టెలిగ్రాం

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు మెర్సీ మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఆట ఆడుకుంటోంది. పక్కన కూర్చుని నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఫోను బాగా వేడెక్కితే ఒక వాసన వస్తుంది, కాలీ కాలని ప్లాస్టిక్కు వాసన. అది నా ముక్కుకి తగిలిన క్షణంలోనే ఫోనులోంచి తలుపు కిర్రుమంది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మెర్సీ ఆటలో ఆ తలుపు ముందు ఆగిపోయి, దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంది. "ఎంతసేపు నిలబడతావే? తియ్యి" అన్నాను. "నీకు తెలీదు నానమ్మా, లోపల దెయ్యం ఉంటుంది" అంది. నాకు తెలియకపోవడమేమిటి! దెయ్యాల ఆటల గురించి ఈ ఇంట్లో ఎవరికన్నా ఎక్కువ తెలిసినదాన్ని నేనే. నేర్పినావిడ అలాంటిది.

ఆవిడ పేరు దీనమ్మ గారు. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో మా ఇంటికి కంచె అవతలి ఇల్లు ఆవిడది. పన్నెండేళ్ళు కువైట్‌లో ఆసుపత్రి నర్సుగా చేసి, ఎనభైల చివర్లో ఇంక చాలనుకుని వచ్చేశారు. పెళ్ళి చేసుకోలేదు. అప్పటికి యాభై ఐదేళ్ళుంటాయి, పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు. టాక్సీ మీద కట్టిన అట్టపెట్టెల్లోంచి రంగుల టీవీ, దానికో స్టెబిలైజరు, ఆ తర్వాత బిస్కెట్ల డబ్బాలాంటి బూడిదరంగు పెట్టె ఒకటి దిగాయి. ఆ పెట్టెకి రెండు తీగలు, తీగల చివర బటన్లు. ఎక్కువసేపు ఆడి వేడెక్కితే అచ్చం ఈ ఫోను వాసనే వచ్చేది. అది టీవీ గేమట. పిల్లల వార్డులో డ్యూటీ పడినప్పుడు అక్కడి రోగిపిల్లలతో కూర్చుని ఆడటం అలవాటై, వచ్చేటప్పుడు ఒకటి కొనుక్కుని తెచ్చుకున్నారు. పొద్దున్న ఊరందరికీ సూదులు వేసేవారు, కట్లు కట్టేవారు. మధ్యాహ్నం మూడింటికి మాత్రం, అందరూ కునుకు తీసేవేళ, కుర్చీ టీవీ ముందుకి జరుపుకుని ఐదింటిదాకా ఆడేవారు. ఆ రెండు గంటల్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆట ఆపి వెళ్ళి, తిరిగొచ్చి మొదటినుంచీ మొదలుపెట్టేవారు.

ఊరు ఊరుకోలేదు. ఒకనాడు పాస్టరు గారే వచ్చారు. అప్పటికే నేను ఆవిడ ఇంట్లో వంటపని చేస్తున్నాను, కాఫీ కలుపుతూ అంతా విన్నాను.

"దీనమ్మ గారండీ, దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం. పట్టపగలు ఈ దెయ్యాలతో సావాసమేంటండీ?"

"సావాసం కాదండి, తరుముతున్నాను. తమరు ఆదివారం నోటితో తరుముతారు. మిగతా ఆరు రోజులూ నేను వేళ్ళతో తరుముతున్నాను. కూర్చోండి, కాఫీ తాగుదురుగాని."

కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. కాసేపటికి పాస్టరు గారి గొంతే పెద్దగా వినపడింది. "ఎడమ పక్కనండీ! ఎడమ పక్కన! అయ్యయ్యో, వెనకాల చూస్కోరేంటండీ!"

నేనా ఆటల్లోకి దిగింది కాలక్షేపానికి కాదు, దిగులు మర్చిపోవడానికి. మా ఆయన సుందర్రావు గారు కువైట్‌లో వడ్రంగి పనికి వెళ్ళి అప్పటికి మూడేళ్ళయింది. ఆయనకీ రాయడం రాదు, నాకూ చదవడం రాదు. మా ఊళ్ళో అలాంటివాళ్ళకి ఉత్తరాల బదులు మాటల క్యాసెట్లుండేవి. ఆయన అక్కడ టేపురికార్డరు ముందు కూర్చుని, "శాంతా, నేను బాగున్నాను, అబ్బాయి ఎలా చదువుతున్నాడు, అమ్మ కాళ్ళనెప్పులెలా ఉన్నాయి" అని చెప్పి, సెలవు మీద వచ్చేవాళ్ళెవరి చేతికో ఇచ్చి పంపేవారు. నేను అదే క్యాసెట్టు రెండోవైపు మాట్లాడి తిరిగి పంపేదాన్ని. మా అబ్బాయి అమలాపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అత్తగారికీ నాకూ ఆ క్యాసెట్టే మనిషి. ఆ ఏడాది వానాకాలం పోయాక క్యాసెట్లు ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. ఎవరినడిగినా "బాగానే ఉండుంటాడమ్మా" అనేవారు. ఆ 'ఉండుంటాడు' నన్ను తినేసేది.

"ఊరికే ఆ వంటింట్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోకపోతే ఇలా రావే" అని ఒకరోజు దీనమ్మ గారు రెండో బటన్ల పెట్టె నా ఒళ్ళో పడేశారు. మొదట కొట్టుకునే ఆట. నేను గుడ్డిగా బటన్లు నొక్కేస్తూ చచ్చిపోయేదాన్ని. ఆవిడ నవ్వలేదు.

"అందరూ చేసే తప్పే చేస్తున్నావు. అవతలివాడిని చూడకుండా నీ చేతిని చూసుకుంటున్నావు. వాడు మూడుసార్లు విసురుతాడు, నాలుగోసారి ఊపిరి పీల్చుకుంటాడు. చూసేవా? అదిగో, ఇప్పుడు వెళ్ళు. పసిపిల్లకి సూది వెయ్యడం కూడా ఇంతే. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఊపిరి తీసుకుంటుంది చూడు, అప్పుడు వెయ్యాలి."

ఆటల మీద ఆవిడకి గట్టి అభిప్రాయాలుండేవి. వంద మందిని చంపితేగాని దారి ఇవ్వని ఆటలంటే గిట్టేది కాదు. "అది ధైర్యం కాదే, రోట్లో పిండి దంచడం" అనేవారు. గెలిచినవాడు ఎగిరి గంతులేసే ఆటలంటే ఇంకా చిరాకు. "కొట్టేసేవుగా, ఇంటికి పో, ఆ డాన్సెందుకు?" అని టీవీతో పోట్లాడేవారు. ఆవిడ దృష్టిలో ఆటంటే దెయ్యాల ఆటే. అందులోనూ అన్నీ నచ్చేవి కావు. దెయ్యం ఒకసారే కనపడాలి, రెండోసారి కనపడితే చుట్టమైపోతుంది, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలి అనేవారు. సంగీతం ముందుగానే డప్పు కొట్టి చెప్పేస్తే ఇంక భయమెక్కడిదని అడిగేవారు. "కొట్టుకునే ఆటలో పని వేళ్ళకి. దీంట్లో పని గుండెకి" అని ఆవిడ పదేపదే ఆ పెట్టెలో గుచ్చే ఆట క్యాసెట్టు ఒకటుండేది. చీకటి మేడ. చేతిలో దీపం పట్టుకున్న ఆడమనిషి. వరసగా గదులు, గదికో తలుపు. తెర పైన మూల చిన్న దీపం బొమ్మ, అందులో చమురు అదే పనిగా తగ్గుతూ ఉంటుంది. నడిచినా తగ్గుతుంది, నిలబడినా తగ్గుతుంది. చమురైపోతే ఆట ఐపోయినట్టే, దెయ్యం రానక్కర్లేదు.

నేను ప్రతిసారీ ఆ తలుపుల ముందే అయిపోయేదాన్ని. తియ్యడానికి చెయ్యి వచ్చేది కాదు. "నిన్ను దెయ్యం చంపలేదే శాంతా. చూసుకో. గుమ్మంలో నిలబడి నువ్వే చచ్చేవు" అనేవారు. "ఆయ్" అనేదాన్ని. అర్థమయ్యి కాదు, ఆవిడ మీద గౌరవం కొద్దీ.

ఒక గురువారం పొద్దున్న పదకొండింటికి పోస్టాఫీసు మనిషి సైకిలు బెల్లు కొట్టాడు. టెలిగ్రాం. అత్తగారు పొలంగట్టుకి గడ్డికి వెళ్ళారు. చూరు కింద నేనొక్కదాన్నే. అతను కాగితం మీద నా వేలిముద్ర వేయించుకున్నాడు, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో టెలిగ్రాం అంటే చావు. వేరే కబురుకి ఎవరూ ఇచ్చేవారు కాదు. కాగితం చేతిలో పడగానే, చదివేవాడు వచ్చేలోగానే ఏడుపు మొదలైపోయేది, ఆ ఏడుపు విని వీధంతా వచ్చేది. నేను ఏడవలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున దాచేశాను. నా లెక్క ఒకటే. చదివించనంతవరకూ ఆయన బతికే ఉంటారు. అత్తగారు ఇంకో పూట కడుపునిండా తింటారు.

ఆ పూటా, మర్నాడూ ఆ డ్రమ్ములోంచే బియ్యం తీసి వండాను. పై పైన తీశాను, వేళ్ళు లోపలికి వెళ్ళకుండా. అత్తగారికి వడ్డిస్తుంటే, "కూరలో ఉప్పెయ్యలేదేంటే? మా వోడి మీద బెంగా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. అంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు.

శనివారం మూడింటికి మామూలుగానే ఆటకి కూర్చున్నాను. ఆ ఆడమనిషి దీపం పట్టుకుని తలుపు ముందుకి వెళ్ళింది, నిలబడింది. చమురు తగ్గుతోంది. నా వేలు బటను మీదే ఉంది.

"తియ్యి" అన్నారు దీనమ్మ గారు.

నేను కదల్లేదు.

"ఏమైందే? తియ్యి!"

"తీస్తే... ఉన్నారో లేదో తెలిసిపోతుందండి" అన్నాను. అని బోరుమన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. ఆటలో ఎవరు ఉన్నారో లేదో నేననడం లేదని ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. రెండు ప్రశ్నలడిగారు, రెండింటికీ ఉన్నది చెప్పాను. ఆట మధ్యలో స్విచ్చి కట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా కంచె సందులోంచి మా ఇంటికి నడిచారు. డ్రమ్ము పక్కకి వంచితే బియ్యం గచ్చు మీద పారాయి. కాగితం దొరికింది. ఆవిడకి అందించబోయాను.

"నేను చదువుతాను. మడత మాత్రం నువ్వే విప్పు" అన్నారు.

విప్పాను. ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివారు, మళ్ళీ చదివారు. తర్వాత నా చెవి పట్టుకుని మెలితిప్పారు. "శుక్రవారం బొంబాయిలో దిగుతాడట. ఆదివారం పొద్దున్న రాజమండ్రి స్టేషనుకి రమ్మన్నాడు. రేపేనే ఆదివారం! నీ మొగుడు రైల్లో ఉన్నాడు, నువ్వేమో ఆయన్ని బియ్యంలో పాతిపెట్టేవు!"

నేను ఆ బియ్యంలోనే కూలబడి ఏడ్చాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. సరిగ్గా అప్పుడే అత్తగారు గడ్డిమోపుతో గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూశారు, టెలిగ్రాం చూశారు. మోపు అక్కడే పడింది. "నా కొడుకో! నా సుందరో!" అని గుండెలు బాదుకున్నారు. ఆ కేక విని పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు ఏడుస్తూ వచ్చేశారు. "బంగారంలాంటి మనిషండీ" అని ఒకావిడ అప్పుడే వరసకట్టి ఏడుపు మొదలుపెట్టింది. దీనమ్మ గారు "వస్తున్నాడర్రా! బతికే ఉన్నాడు!" అని ఎంత అరిచినా ఒక్కరూ వినరే! చివరికి ఆవిడ ఇత్తడి పళ్ళెం తీసుకుని గరిటెతో టంగుటంగున కొట్టారు.

"ఆపండి! రేపు పొద్దున్న రాజమండ్రిలో దిగుతున్నాడు! ఏడ్చినవాళ్ళందరూ వచ్చి ఈ బియ్యం ఎత్తండి!"

"ఏదీ, నిజంగానేనా అండీ?" అన్నారు అత్తగారు చిన్నపిల్లలా. ఆ తర్వాత వీధంతా కూర్చుని నవ్వుకుంటూ గింజ గింజా ఎత్తారు. వరసకట్టి ఏడ్చినావిడ చేట తెచ్చి చెరిగి ఇచ్చింది.

మర్నాడు పి.గన్నవరం మీదుగా వెళ్ళే తొలి బస్సుకి అత్తగారూ, నేనూ, దీనమ్మ గారూ బయలుదేరాం. ఆయన రైలు దిగారు. చిక్కిపోయారు, గడ్డం పెరిగింది, కానీ రెండు కాళ్ళ మీద నడిచొచ్చారు. క్యాసెట్లు తెచ్చే మనిషి ఆ ఏడు సెలవుకే రాలేదట, మూడు క్యాసెట్లు ఆయన సంచిలోనే ఉన్నాయి.

"టెలిగ్రాం అందిందా శాంతా?"

"ఆయ్, అందిందండి" అన్నాను తలొంచుకుని.

"వెంటనే చదివించుకున్నావా?"

దీనమ్మ గారు అందుకున్నారు. "వెంటనే కాదు నాయనా. నానబెట్టుకుని చదివింది."

సోమవారం మూడింటికి నేను ఆటకి వెళ్ళేసరికి నా కుర్చీ మీద పలకా బలపం ఉన్నాయి. "ఇవాళ్టినుంచీ రూలు మారింది. ఆటలో చచ్చినప్పుడల్లా ఒక అక్షరం దిద్దాలి" అన్నారు. నాకప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. "ఈ వయసులో నాకెందుకండీ?" అన్నాను. "నువ్వు చచ్చేన్నిసార్లు ఈ ఊళ్ళో ఎవరూ చావరు. నీకు త్వరగా వస్తుంది" అన్నారు. నిజంగానే వచ్చింది. మొదటి రోజే అచ్చులు సగం అయిపోయాయి. గుణింతాల దగ్గరికొచ్చేసరికి నాకు ఆట కన్నా అక్షరం తియ్యగా అనిపించి, కావాలనే గోతుల్లో దూకేదాన్ని. రెండు రోజులు చూసి పట్టేశారు. "దొంగ చావులు చావకు. కావాలంటే అడుగు, ఇంకో రెండు చెప్తాను." అలా అడిగి తెలుగూ, తర్వాత ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను. మా ఆయన తిరిగి కువైట్ వెళ్ళాక నా మొదటి ఉత్తరం నేనే రాశాను, ఆయన గదిలో చదువొచ్చినాయన చేత చదివించుకున్నారు. మూడు నెలలు తిరక్కుండా ఆయన కూడా ఆ మనిషి దగ్గర అక్షరాలు మొదలుపెట్టారు. పెళ్ళాం మాటలు ఇంకొకరి నోట వినడం సిగ్గేసిందట.

దీనమ్మ గారికి చివరి ఏళ్ళలో కళ్ళు బాగా మందగించాయి. అప్పుడు ఆట నేను ఆడేదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని, "ఇప్పుడెక్కడున్నాం? తలుపేనా? చమురెంతుంది?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఆ మేడలో ఆఖరి గది దాకా వెళ్ళింది ఆ రోజుల్లోనే. తలుపు తీస్తే ఒక ముసలి దెయ్యం, మోకాలెత్తు, మూల ముడుచుకుని కూర్చునుంది. "ఇంతేనా!" అన్నాను. "ఎప్పుడూ అంతే ఉంటుంది, చూడందే తెలీదు" అని ఆవిడ హాయిగా నవ్వారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఉత్తరం వస్తే నేను ఇప్పటికీ గేటు దగ్గరే, పోస్టుమాన్ గారు సైకిలెక్కక ముందే చింపి చదువుతాను. పోయిన నెల కాకినాడ ఆసుపత్రిలో నా గొంతులో గడ్డకి చేసిన పరీక్ష కాగితం కవరులో పెట్టి ఇచ్చారు. "డాక్టరు గారి దగ్గరే తీద్దాంలే అమ్మా" అన్నాడు మా అబ్బాయి, ముఖం తిప్పుకుని. వాడి చేతిలోంచి తీసుకుని మెట్ల మీదే నిలబడి చింపాను. ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదివేసరికి కాస్త సమయం పట్టింది. భయపడాల్సింది ఏమీ లేదని ఉంది. వాడి చేతికిచ్చి, "ఇంక పద, ఆకలేస్తోంది" అన్నాను. అందులో వేరేలా ఉన్నా అక్కడే చింపి చదివేదాన్ని. ఆ తర్వాత భోంచేసేదాన్ని కూడా.