మేకుకు కట్టిన బండారు

అమ్మవారి మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వు రాదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు పాతికేళ్లు. ఉచ్చ బంద్ అయి మూసీ ఒడ్డున ఒక దవాఖానాలో పడ్డాను. లోపలికి రబ్బరు గొట్టం వేసి, దాని కొసను మంచం కింద గాజు సీసాలోకి దించారు. కదిలితే ప్రాణం పోయేంత మంట. పక్క మంచం మీద మల్లయ్య తాత. లాల్‌దర్వాజాలో పాలమ్మే మనిషి. ఆయనకూ గొట్టమే. తెల్లారితే ఆపరేషన్.

సాయంత్రం ఆయన భార్య అమ్మవారి బండారు చిన్న గుడ్డలో మూటకట్టి తెచ్చింది. చిటికెడు పసుపు నొసట పెట్టబోతే తాత చెయ్యి తోసేశాడు. ఉచ్చ గొట్టంతో ఉన్నవాడు అమ్మ పసుపు ముట్టరాదట. మూటను ఎదుటి గోడ మేకుకు కట్టించాడు.

చీకటి పడ్డాక మాత్రం ఆ మూటనే చూస్తూ ఏడ్చాడు.

“రేపు పోతే గిట్లనే పోతనా తమ్మీ? అమ్మ పేరు గూడ తియ్యకుంట?”

“ఏం గాదు తాతా, పండుకో,” అన్నాను.

నర్సమ్మ దీపం తగ్గించి వెళ్లింది. మంచాల కింద సీసాల్లో చుక్కలు... టప్... టప్... తాతది ఒకటి. నాది ఒకటి. మధ్యలో ఆయన ఎక్కిళ్లు.

ఉన్నట్టుండి చుక్కలు రెండూ ఆగాయి.

అప్పుడు... ఒక ఆడగొంతు. ముసలిది. మెల్లగా...

“బిడ్డ ఉచ్చ పోస్తే తల్లికి మైలేందిరా?”

తాత ఎక్కిళ్లు ఆగాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వాసన... తడి పసుపు వాసన. మళ్లీ గొంతు. ఈసారి దగ్గరగా. మా రెండు మంచాల నడుమ.

“నొసలు ఇటు తిప్పు.”

నేను దుప్పటి ముసుగు తీయలేదు. గొట్టం లేకపోతే కిటికీ దూకి మూసీలో పడేవాణ్ని.

తెల్లారి చూస్తే తాత నొసట నిండా బండారు. మేకుకు మూట అట్లాగే ఉంది. ముడి విప్పలేదు.

“అమ్మ ముట్టింది తమ్మీ. ఇగ ఫికర్ లేదు,” అని నవ్వుతూ ఆపరేషన్‌కు పోయాడు. గట్టెక్కాడు కూడా.

సరే, ఒట్టు పెట్టాను కాబట్టి ఒప్పుకుంటాను. చుక్కలు ఆగడం నా కల్పన. ఆ మొదటి మాట కూడా... నాదే. ముసలాయన ఏడుపు వినలేక, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి అన్నాను.

నేనన్నది ఆ ఒక్క మాటే.