ఓడలో వచ్చిన జవాబు

మొన్నొక సెలవునాడు మా అక్క మనవరాలు బెంగళూరులోనే ఉన్న హూడి నుంచి యలహంకలోని మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఒకప్పటి నాలాగే అప్లైడ్ మేథమెటిక్స్‌లో పరిశోధన చేస్తున్న పిల్ల. పప్పన్నం కలుపుకుంటూ ఫోన్ చూసి, ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. ఏడాదిగా కుస్తీ పడి ముందురోజే తను కొలిక్కి తెచ్చిన లెక్కను ఎక్కడో ఎవరో పూర్తిచేసి, ఆ పొద్దునే ఇంటర్నెట్‌లో పెట్టేశారట. "అంతా వేస్ట్ అయిపోయింది అమ్మమ్మా" అంటూ విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఈ ఊళ్ళోనే మా విశ్వవిద్యాలయపు గ్రంథాలయం, అక్కడి సోమవారాలు గుర్తుకొచ్చాయి.

మా రోజుల్లో విదేశీ పత్రికలు ఓడల్లో వచ్చేవి; అచ్చయిన మూడు నాలుగు నెలలకు గానీ మా కంటబడేవి కావు. సోమవారం పొద్దున వాటిని కిటికీ పక్కన బల్లమీద పరిచేవారు. పరిశోధన విద్యార్థులమంతా బిక్కుబిక్కుమంటూ విషయసూచికలు తిరగేసి, మన లెక్క ఇంకా మనదేనని తేలాక, ఊపిరి పీల్చుకుని కాఫీకి పోయేవాళ్ళం. నా లెక్క, సన్నబడిన రక్తనాళంలో నెత్తురు ఎలా పారుతుందన్నది. మూడేళ్ళు దానికే ధారపోశాక, ఒక వేసవి మొదట్లో జవాబు దొరికింది. ఇక నా కాళ్ళు నేలమీద ఆనలేదంటే నమ్మండి! సిటీబస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, ఈ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు కదా అని లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ రోజుల్లో హాస్టల్ సాంబారు కూడా రుచిగా తోచిందంటే, మా తరంవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

వానలు మొదలయ్యాక ఒక సోమవారం అదే బల్లమీద నా లెక్క కనిపించింది, వేరే దేశంలో వేరే మనిషి పేరుతో. ఒక్కొక్క సమీకరణమే పోల్చుకుంటూ పోతే చివరికి జవాబూ అదే. కొత్తదనం లేని పనికి డాక్టరేటు ఎవరిస్తారు? పత్రిక పట్టుకుని మా గైడు గారి గదికి వెళ్ళి భోరుమన్నాను. తాతల నాటినుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగువారాయన. నింపాదిగా అంతా చదివి, కళ్ళజోడు తీసి, "నీ లెక్క సరిగ్గా ఉండాదని ఇంతదాకా నువ్వూ నేనే గదమ్మా అనుకుంటా ఉండేది, ఇప్పుడు మూడో మనిషి గూడా చెప్పినాడు, ఏడుస్తావేల?" అన్నారు. నువ్వూ, ఆ పత్రికలో రాసినాయనా ఇద్దరూ నాళపు గోడ కదలదనే అనుకున్నారు, నిజానికి అది కదులుతుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టమన్నారు. ఇంకో రెండేళ్ళు పట్టింది గానీ డాక్టరేటు వచ్చింది.

ఇదంతా మనవరాలికి చెప్తే కళ్ళు తుడుచుకుని, తన లెక్కలో ఏ గోడ కదులుతుందో వెతుక్కుంటానంది. వెతుక్కుంటుంది, గట్టి పిల్ల. నేను చెప్పనిది ఒకటే. బస్సులో నాలో నేను నవ్వుకుంటూ తిరిగిన ఆ నెలల్లోనే, ఆ విదేశీయుడి జవాబు అచ్చయి, ఓడెక్కి, సముద్రం మీద మెల్లగా నావైపు వస్తూనే ఉంది. ఇప్పుడు దేనికీ ఆలస్యం లేదు. మంచిదే, కాదనను. కానీ తెలియకపోవడం వల్ల ఆ సంతోషం నాకొక వేసవంతా దక్కింది. పాపం, ఆ పిల్లకు ఒక్కరోజే.