జమేదారు బతకాల్సిన పది రోజులు

ఆ రోజుల్లో నేను పడ్డ కష్టాలు ఒక మహాకావ్యానికి సరిపోతాయని చాలాకాలం అనుకున్నాను. అందులో విషం ఉంది, నిప్పు ఉంది, ఏడు బావుల యాత్ర ఉంది, ఊరంతా కర్రలతో వస్తే ఒక ప్రాణానికి అడ్డంగా నిలబడ్డ వీరుడు ఉన్నాడు. పర్వాలుగా విడగొట్టి రాద్దామని దస్తా కాగితాలు కూడా తెచ్చుకున్నాను. మొదటి కాగితం సగం నిండేసరికి నాకే అర్థమైంది, ఇది కావ్యం కాదని. ఇది ముక్కు కారుతున్న ఒక కుక్క కథ. వీరుణ్ని నేనే. నాకు కుక్కలంటే పడదు.

నిజాం ఏలుబడి పోయిన మరుసటి ఎండాకాలం అది. నాకు పంతొమ్మిదేళ్లు. సూర్యాపేటలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేరి ఎనిమిది నెలలయింది. ఎర్ర మిక్చరు, తెల్ల మిక్చరు కలపడం, సీసాకు మోతాదు గీతల కాగితం అంటించడం, కట్లు కట్టడం నా పని. మా చుట్టాల లెక్కలో మాత్రం నేను సగం డాక్టరును. మిగతా సగం ఎక్కడుందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ నమ్మకం అందరికంటే ఎక్కువ ఉన్నది కోదాడలో ఉన్న మా మేనత్తకు. ఆమెకు పిల్లల్లేరు. ఏడాది నిండని ఒక మగ కుక్క మాత్రం ఉండేది. వాకిట్లోకి వచ్చిన ప్రతివాణ్నీ ఆపి, చుట్టూ తిరిగి, వాసన చూసి ఠాణా జమేదారులా ఆరా తీస్తుందని మా మామ దానికి జమేదారని పేరు పెట్టాడు. ఒకనాడు పొద్దున ఒక లారీ డ్రైవరు దవాఖాన ముందు ఆగి, "మీ అత్త రమ్మన్నది. జమేదారుకు పానం బాగలేదట, జల్ది రమ్మన్నది" అని చెప్పి పోయాడు. మా డాక్టరు గారు ఎవరో పోలీసు మనిషి అనుకుని వెంటనే సెలవిచ్చారు. (ఆయన అనుకున్నదాన్ని సరిదిద్దడం నా చదువుకు మించిన పని.) తెల్ల మిక్చరు ఒక సీసా, బోరిక్ పొడి, కొంచెం దూది సంచిలో వేసుకుని, అదే లారీలో మునగాల మీదుగా కోదాడ చేరాను.

జమేదారు గొడ్ల కొట్టంలో గోనెపట్టా మీద పడుకుని ఉంది. కళ్లు పుసులు కట్టి మూసుకుపోయాయి. ముక్కు నుంచి చిక్కగా, పచ్చగా కారుతోంది. ముసలాయన దగ్గినట్టు దగ్గుతోంది. పదిహేను రోజుల కింద జ్వరం వచ్చి తగ్గిందట, మళ్లీ వచ్చిందట, తిండి మానేసిందట. నేను చేతులు వెనక్కి కట్టుకుని, మా డాక్టరు గారు నిలబడే తీరులో నిలబడి, "రొంప" అన్నాను. మనిషికైతే అది రొంపే. "సూసినవా, ఒక్క మాటల తేల్సిండు" అంది అత్త మామతో. మామ పొగడ్తలకు తొందరపడే మనిషి కాదు.

తేల్చడం సులువే, తాగించడం ఎట్లా? అత్త చూరులోంచి వెదురు గొట్టం తీసింది. ఎద్దులకు కషాయం పోసే గొట్టం అది, ఒక కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. ఎద్దు నోరు ఎంత, కుక్క నోరు ఎంత అని మా ముగ్గురిలో ఒక్కరికైనా తోచి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మామ దాని మెడ పట్టుకున్నాడు, నేను దవడ పట్టుకుని గొట్టం దూర్చాను, అత్త మిక్చరు పోసింది. రెండు గుక్కలు దిగాయో లేదో జమేదారు ఒళ్లంతా బిగుసుకుంది. దవడలు టకటకా కొట్టుకున్నాయి, నోటి నిండా నురగ వచ్చింది, గొట్టం ఫట్టుమని పగిలింది. నేను చెయ్యి లాక్కుని చూసుకుంటే అరచేతిలో నెత్తురు. కుక్క పక్కకు పడి, కలలో ఎవరినో తరుముతున్నట్టు నాలుగు కాళ్లూ ఆడిస్తోంది.

"పిచ్చి లేసింది దీనికి," అన్నాడు మామ. "తుపాకి తే."

"యాడికెల్లి తేవాలె? పోయిన నెల నువ్వే గద ఠాణాల ఇచ్చి రసీదు తెచ్చుకున్నవ్. రసీదు తేనా, దాంతోని కొడ్తవా?" అంది అత్త.

అట్లా జమేదారు మొదటి గండం గడిచింది. నా మొదటి గండం అప్పుడు మొదలైంది. అత్త నా అరచేతిలో గుప్పెడు కారం పోసి పిండింది. నేను ఇంకా ఆ మంటలో ఉండగానే కొడవలి కొసను పొయ్యిలో ఎర్రగా కాల్చి తెచ్చింది. "అత్తా, నేను డాక్టరు దగ్గర పనిచేస్త" అని గుర్తు చేశాను. "ఎరుకనే. జర అటు సూడు" అంది. అటు చూశాను. వాత పడింది. నేను చేసిన చప్పుడుకు, మూర్ఛలో ఉన్న కుక్క కూడా ఒక కన్ను తెరిచిందని మామ తర్వాత చాలామందికి చెప్పాడు.

ఆ తరువాతది బావుల యాత్ర. కుక్క కరిస్తే ఏడు బావుల్లో తొంగిచూడాలి, విషం దిగిపోతుంది. చూసిన బావినే మళ్లీ చూస్తే లెక్కలోకి రాదు. కోదాడలో బావులకు కొదవ లేదు గాని, మా అత్తకు మాటలున్న ఇళ్ల బావులు అయిదే. ఆరోది ఒక తోటలో దొరికింది. ఏడోది మా అత్త మూడేళ్లుగా మాట్లాడని ఒకావిడ పెరట్లో ఉంది. గేటు ముందు అత్త కొంచెంసేపు నిలబడి, గొంతు సవరించుకుని, "వదినా, మా అల్లుడు జర నీ బాయిల తొంగి సూస్తడట" అంది. లోపలినుంచి జవాబు వచ్చింది: "సూడనీ. దూకకుంటె సాలు." మూడేళ్ల పగ అట్లా తీరింది. నేను తొంగిచూశాను. కింద నీళ్లలో, కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని ఒక సగం డాక్టరు బిక్కమొహంతో కనిపించాడు.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో పదిమంది కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పిచ్చికుక్కను ఉంచొద్దని వాళ్ల మాట. మామ అవునన్నట్టు తల ఊపుతున్నాడు. అత్త కొట్టం తలుపుకు ఆనుకుని, కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. అప్పుడే నాకు మా డాక్టరు గారు ఎవరితోనో అన్న మాట గుర్తొచ్చింది. కరిచిన కుక్క పది రోజులు బతికి ఉంటే అది పిచ్చిది కాదు, మనిషికి భయం లేదు. చస్తే మాత్రం హైదరాబాదు పోయి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవాలి. నేను సూదులు మరిగించే వాణ్ని, వాటి పొడవు నాకు తెలుసు. నాలుగు అంగల్లో పోయి అత్త పక్కన నిలబడి, "దీన్ని ముట్టుకునేటోడు ముందు నన్ను ముట్టుకోవాలె" అన్నాను. కుక్క కరిచినవాణ్ని ముట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదు. జనం వెళ్లిపోయారు. అత్త కళ్లు తుడుచుకుని, "నీకు మనుషుల మీదనే గాదు, నోరులేని దాని మీద గూడ ఎంత పావురం, ఎంత ప్రేమ కొడకా" అంది. నేను నేల చూశాను. అది వినయం అనుకుంది.

డాక్టరు గారికి సంగతంతా చీటీ రాసి లారీలో పంపాను. జవాబు మర్నాడే వచ్చింది. "జమేదారు కుక్క అని ముందే చెప్పవలసింది. పది రోజులు బతికితే పనిలోకి రా. చస్తే హైదరాబాదు పో. మూర్ఛకు బ్రోమైడ్ పంపుతున్నాను, అది కుక్కకు." చివరి మాట కింద రెండు గీతలు ఉన్నాయి.

ఇక ఆ పది రోజులూ నేను ఒకచోట కూచున్నది లేదు. మిర్యాలగూడలో ఉండే గొడ్ల డాక్టరు, గొడ్లకు పెద్దరోగం వచ్చిందని సూదులు వేస్తూ గరిడేపల్లి దిక్కు తిరుగుతున్నాడట, ఎనిమిదో రోజుకు గాని రాడట. జమేదారును గొలుసు మీద చీకటి మూలన కట్టేసి, గంటకోసారి దాని ముందు నీళ్ల గిన్నె పెట్టేవాణ్ని. పిచ్చికుక్క నీళ్లకు భయపడుతుందంటారు కదా. అది బద్ధకంగా నాలుగు గుక్కలు తాగేది. వెంటనే నేను కూడా ఒక చెంబెడు తాగేవాణ్ని, నాకు భయం ఉందో లేదో చూసుకోవడానికి. మూడో రోజుకు నాకు నీళ్లంటే భయం కాదు, విసుగు పుట్టింది. అద్దంలో నాలుక చూసుకునేవాణ్ని, గుటక వేసి చూసుకునేవాణ్ని, వాకిట్లోంచి కొట్టానికి, కొట్టంలోంచి వాకిట్లోకి తిరిగేవాణ్ని. "మామా, నా గొంతు మారిందా?" అని అడిగితే, "నీ గొంతు ముందునుంచీ గంతే" అన్నాడు. "గొలుసు ఇంకోటి ఉన్నది, కావాల్నా?" అని కూడా అడిగాడు. ఆయన నవ్వడు, అందుకే భయం.

బోరిక్ నీళ్లతో దాని కళ్లు కడిగాను, ముక్కు తుడిచాను, గంజిలో బ్రోమైడ్ కలిపి గరిటెతో బుగ్గలోంచి జారవిడిచాను. (గొట్టం పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. పగిలిన ముక్కల్ని అత్త గుడ్డలో చుట్టి చూరులో దోపింది.) ఆరో రోజు నాలుగుసార్లు మూర్ఛ వచ్చింది. ఏడో రోజు మధ్యాహ్నం అది కదలకుండా పడి ఉంటే ముక్కు ముందు దూదిపింజ పట్టుకుని చూశాను. పింజ కదలలేదు. "జమేదారూ, మూడు దినాలే గద, జర ఓర్సుకో" అన్నాను. ఎవరి కోసం అన్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను. కొంచెంసేపటికి పింజ కదిలింది. తోక కూడా ఒక్కసారి నేలకు తగిలింది. నాకు కుక్కలంటే పడదని అప్పుడు కూడా గట్టిగా గుర్తు చేసుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే, మామా నేనూ దాన్ని గోనెసంచిలో మెడ దాకా ఉంచి, మిర్యాలగూడ పోయే లారీ ఎక్కాం. డాక్టరు అలసిపోయిన మనిషి, వారం రోజులుగా ఎద్దులతో కుస్తీ పట్టాడు. కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, రెప్పలు ఎత్తాడు, పొట్ట మీది చీముపొక్కులు చూశాడు, కాలు పైకెత్తి అరికాలి మెత్త నొక్కాడు. "నువ్వూ నొక్కి సూడు" అన్నాడు. చెప్పు తోలులా గట్టిగా ఉంది. "జమేదారూ" అని పిలిచాడు. అది చెవి ఎత్తింది. "పేరు పిలిస్తే పలుకుతుంది, నీళ్లు తాగుతుంది, తొమ్మిది రోజులైనా బతికే ఉంది. ఇది పిచ్చి కాదయ్యా. డిస్టెంపర్ అంటారు. లేత కుక్కలకు వస్తది. ముందు రొంప లెక్క ఉంటది, తర్వాత నరాలకెక్కుతది, గప్పుడు మూర్ఛ. దీనికి మందు లేదు. కడగడం, తాగించడం, ఎలుతురు లేనిచోట ఉంచడం, గంతే. ఎవరు చేసిన్రు ఇదంతా?"

మామ నన్ను చూపించి, "మా అల్లుడు. సగం డాక్టరు" అన్నాడు. నాకు తెలిసి ఆయన నన్ను పొగిడింది అదొక్కసారే.

"మరి కరిచింది ఎవర్ని?" అన్నాడు డాక్టరు. నేను గంభీరంగా చెయ్యి చాపాను. తొమ్మిది రోజుల కట్టు విప్పాడు, కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కొడవలి" అన్నాడు వాతను చూపిస్తూ. "ఇది కారం. పన్ను ఎక్కడ?" పట్టకారులాంటి సన్నని చిమటా తీసుకుని, వాత పక్కన ఉబ్బిన చోట నొక్కి, సన్నగా ఏదో లాగి బల్ల మీద పెట్టాడు. వేలి గోరంత వెదురు పేడు. ముగ్గురం దానికేసి చూశాం. జమేదారు కూడా చూసింది.

"అంటే ఇది కరవనే లేదా?" అన్నాడు మామ.

"కరిసింది," అన్నాడు డాక్టరు. "గొట్టాన్ని."

తిరుగు లారీలో మామ గరిడేపల్లి దాకా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. ఆ తర్వాత, "అయినా రేపొక దినం ఆగు. లెక్క పది దినాలు" అన్నాడు. ఆగాను. అత్తకు వెదురు పేడు సంగతి చెప్పలేదు. ఆమె పోయేదాకా, మా అల్లుడు తనను కరిచిన కుక్కను బతికించాడని కోదాడలో చెప్పుకుంటూనే ఉంది. జమేదారు మరో పదకొండేళ్లు బతికింది. జబ్బు గుర్తుగా వెనక కాలొకటి కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఎప్పుడూ ఆడుతూ ఉండేది, నేను వాకిట్లోకి అడుగుపెడితే ఇంకా వేగంగా ఆడేది. ఆరా తీయకుండా లోపలికి పోనిచ్చేది నన్నొక్కణ్నే. ఇప్పుడు నా అరచేతిలో మచ్చ చూసి పిల్లలు అడిగితే కుక్క కరిచిందనే చెబుతాను. పదిమంది కర్రలతో వచ్చారని కూడా చెబుతాను. ఆ పంతొమ్మిదేళ్ల వాడు నేల చూసి నిలబడ్డప్పుడు వాడి మనసులో సూదులే ఉన్నాయా, ఇంకేమైనా ఉందా అని వాణ్నే అడగాలని ఉంటుంది. వాడు ఆగేలా లేడు, వాకిట్లోంచి కొట్టానికి, కొట్టంలోంచి వాకిట్లోకి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

గొడ్ల డాక్టరు ఆ రోజు చీటీ మీద రాసిచ్చింది ఒక్కటే: మందు పోసే గొట్టం మూతిని వాడే ముందు కత్తితో గీకి నున్నగా చేసుకోవాలి.