ఉకాయ్ దారుల్లో తమ్ముడి కుడి పక్కన

సూరత్‌లో మా బ్యాంకులో ఈ మధ్య నలుగురైదుగురు గేర్ల సైకిళ్లు కొన్నారు. ఆదివారాలు ఉకాయ్ జలాశయం వైపు, ఆ కొండల్లోకి వెళ్లాలని వాళ్ల ముచ్చట. దారులన్నీ మేడమ్‌కే తెలుసు, ఒక కాగితం మీద రాసిస్తే చాలు అని నా టేబుల్ చుట్టూ చేరారు. సరే అన్నాను. నెల దాటిపోయింది. పెన్ను తీసిన ప్రతిసారీ దారి మొదట్లో వచ్చే సోన్‌గఢ్ దాటకుండానే ఆగిపోతున్నాను. ఆ దారులన్నీ నేను నా తమ్ముడితోనే తిరిగాను. వాడు పోయిన వానాకాలంలో చనిపోయాడు. అందులో నా తప్పు ఉంది.

ఎవరైనా కాదు కాదు అంటారని ఈ మాట అనడం లేదు. అలా అనిపించుకోవడానికి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా నాయిన సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు సాంచెల మీద పనికి వచ్చాడు. సాంచెలంటే పవర్‌లూమ్స్. లింబాయత్‌లో మా గల్లీ రెండు పక్కలా కార్ఖానాలే. గోడకు చెయ్యి ఆనిస్తే అదురు తెలిసేది. మా ఇళ్లలో అందరూ అరిచి మాట్లాడతారు, టీవీ వీధి చివరిదాకా వినబడుతుంది. ఇరవై ఏళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడికి చెవులు మందగించకపోతే వాడు సరిగా పనిచేయలేదేమో అన్నట్టు చూస్తారు. కార్ఖానాలో ఎలాగూ మాట వినబడదు కాబట్టి మగవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు, ఇంటికొచ్చాక కూడా అన్నం కావాలంటే చెయ్యే ఊపుతారు. ముసలితనంలో మా నాయినకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి. దాని కోసం దవాఖానకు పోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

నాకు చదువు అబ్బింది, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. నాకంటే ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడికి చదువు మీద ధ్యాస లేదు. పదోతరగతి తప్పి కార్ఖానాలో చేరాడు. ముప్పై దాటేసరికి మాస్టర్ అయ్యాడు, అంటే ఆగిపోయిన సాంచెను విప్పి బాగుచేసేవాడు. ఏ బోల్టు వదులైందో సాంచె మీద చెయ్యి వేసి చెప్పేసేవాడు. ఆ పనిలో వాడికి చాలా పేరు.

సైకిల్ పిచ్చి వాడిదే. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబెట్టే ఒకాయన మోజుపడి కొని, రెండు నెలల్లో మోజు తీరి వదిలించుకున్న రోడ్డు సైకిల్ వాడి చేతికొచ్చింది. కొన్నాళ్లు ఒక్కడే తిరిగాడు. తర్వాత నా వెంట పడ్డాడు.

"బ్యాంకుల కూసొని కూసొని బస్తా లెక్క అయితున్నవ్ అక్కా. జర కదులు."

"బస్తా అంటే మూతి పగులగొడ్త" అన్నాను. తర్వాతి ఆదివారం సైకిల్ కొన్నాను.

మొదట మాండ్వి దాకా, అక్కడి నుంచి కాకరాపార్ ఆనకట్ట దాకా తొక్కేవాళ్లం. అది మెత్తని దారి. చెరుకు తోటల మధ్య పోతుంది, కాలువ గట్టు నీడ ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి. కాళ్లు కుదురుకున్నాక మాండ్వి నుంచి ఝంఖ్‌వావ్ మీదుగా ఉమర్‌పాడా అడవికి మళ్లాం. టేకు చెట్లు రెండు పక్కలా దగ్గరగా ఉంటాయి, దారి ఎక్కుతూ దిగుతూ ఊపిరి తీసుకోనివ్వదు. ఆ తర్వాతే ఉకాయ్. ఉధనాలో పొద్దున్నే ప్యాసింజర్ రైలు ఎక్కి, చోటు చూసుకుని సైకిళ్లు కూడా ఎక్కించి, ఉకాయ్ సోన్‌గఢ్ స్టేషన్‌లో దిగేవాళ్లం. అక్కడి నుంచి డ్యామ్ దాకా, డ్యామ్ దాటి నీళ్ల వెంట ఉచ్ఛల్ వైపు. ఒక మలుపులో నీళ్లు కనబడతాయి, ఇంకో మలుపులో కొండ అడ్డొస్తుంది. నా బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు ఇంకేవీ లేవు.

మొదటి ఏడాది ఎండాకాలంలో నీళ్ల ఒడ్డున సైకిళ్లు పడుకోబెట్టి, తెచ్చుకున్న జొన్నరొట్టెలు తింటున్నాం. చుట్టూ కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

"గిక్కడ ఎంత నిమ్మళంగ ఉన్నదక్కా, సప్పుడే లేదు" అన్నాడు తమ్ముడు.

నాకు పొలమారేదాకా నవ్వాను. సాంచెలు వాడి చెవులు కూడా తినేశాయని అర్థమైంది, కాస్త బాధ కూడా కలిగింది. ఆ రోజు నేను అనుకున్నది తప్పు కాదు. సాంచెల మోత నిజంగానే వాడి వినికిడిని సగం తినేసింది. దాని వెనక ఇంకొకటి నక్కి ఉందని ఎవరికి తెలుసు.

జోడుగా తొక్కేటప్పుడు వాహనాలు వచ్చే కుడి పక్కన ఎప్పుడూ తనే ఉండేవాడు. అక్కకు లారీ తగలకూడదని. రెండో ఏడాది వానలు మొదలవకముందే ఒకరోజు "నువ్వే కుడి పక్కకు రా అక్కా, నువ్వు చెప్పేది వినబడ్తలేదు" అన్నాడు. పక్క మారాను. మారగానే మాటలన్నీ వినబడ్డాయి. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు, కుడి పక్క నుంచి పిలిస్తే పలుకుతాడు. అప్పటి నుంచి లారీల పక్కన నేనే తొక్కాను. వాడి కోసం ప్రాణానికి తెగించాననే ఒక చిన్న గర్వం కూడా ఉండేది నాకు. మా నాయినకు పోయింది రెండు చెవులు కదా, వీడికి ఒక్కటే ఎందుకు పోయిందని మాత్రం అడగలేదు.

తర్వాత సైకిల్ ఎడమకు లాగడం మొదలైంది. డ్యామ్ నుంచి దిగే వాలులో తారు మీద తిన్నగా పోవాల్సినవాడు మెల్లగా అంచుకు జరిగి కంకరలోకి దిగిపోయేవాడు. "హ్యాండిల్ గుంజుతున్నది" అనేవాడు. ఇంటికొచ్చి సైకిల్ మొత్తం విప్పేవాడు. చక్రం ఊచలు ఒక్కొక్కటీ బిగించాడు, బేరింగులు మార్చాడు, ఫోర్క్ వంగిందేమోనని దారం కట్టి కొలిచాడు. ఎంత మొండి సాంచెనైనా దారికి తెచ్చిన మనిషి సైకిల్ దగ్గర ఓడిపోవడమేమిటని పంతం పట్టాడు. వచ్చే ఆదివారం మళ్లీ కంకరలోకే. మోకాలు రెండుసార్లు చీరుకుపోయింది.

ఒక ఆదివారం నాకు విసుగొచ్చి "దా, సైకిళ్లు మార్చుకుందాం" అన్నాను. వాడి సైకిల్ నేనెక్కాను, నాది వాడికిచ్చాను. అదే వాలు. వాడి సైకిల్ నా కింద గీత గీసినట్టు తిన్నగా దిగింది. నా సైకిల్ వాడిని తీసుకుని ఎడమకు జరిగి కంకరలో పడింది.

"నీ సైకిల్‌కు ఏం కాలే. నీకే తొక్కుడు రాదు, పో" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. వాడు మోకాలు తుడుచుకుంటూ నవ్వాడు. కింద హోటల్‌లో టీ తాగితే, వాడి నోటి ఎడమ మూల నుంచి టీ కారి చొక్కా మీద పడింది. దానికి కూడా నవ్వాను. అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. ఆ ఒక్క రోజే ఇన్ని జరిగాయి.

మా మరదలు, అంటే వాడి భార్య, ఆ వారంలోనే నా దగ్గరికి వచ్చింది. ఆమె మా ఇంటికి రావడమే తక్కువ, వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. నేను బ్యాంకు మనిషినని, నాలుగు విషయాలు తెలిసినదాన్నని ఆమెకు నా మీద భయం, గౌరవం.

"వదినా, ఆయన పిలిస్తే పల్కుతలేడు. తలనొప్పి తలనొప్పి అంటడు. జర దవాఖానకు తీస్కపోదమా?"

నేను ఆ రోజు బీరకాయ కోస్తున్నాను. తల కూడా ఎత్తలేదు.

"సాంచెల మీద చేసెటోళ్లందరికి గంతే పిల్లా. మా నాయినకు గట్లనే ఉండె. దవాఖానకు పోతే గవ్వే చెప్తరు, ఊరికె పరేషాన్ గాకు."

ఆమె తలూపి వెళ్లిపోయింది. టీ కూడా ఇవ్వలేదు నేను.

ఎనిమిది నెలల తర్వాత తమ్ముడు కార్ఖానాలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఎడమకు ఒరిగి పడిపోయాడు. నడిచే సాంచె మీద పడకపోవడం అదృష్టమన్నారు తోటివాళ్లు. దవాఖానలో తల ఫోటోలు తీశారు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ ఆ పక్క చెవిని, ఒంటి తూకాన్ని, మూతిని దెబ్బతీస్తుందట. డాక్టరు మరదలిని, నన్ను కూర్చోబెట్టి హిందీలో అడిగాడు, ఒక చెవి ముందుగా పోయిందా, ఏ చెవి, ఎప్పటి నుంచి అని.

మరదలు నా వైపు చూసింది. ఆమెకు తెలియదు. ఇంట్లో ఎవరు ఏ పక్క నుంచి పిలుస్తున్నారో ఎవరు చూసుకుంటారు.

నేను చెప్పాను. ఎడమ చెవి, రెండేళ్ల నుంచి. మొదట మాట వినబడలేదు, తర్వాత సైకిల్ ఎడమకు పోయింది, సైకిల్ మార్చినా ఎడమకే పోయింది, టీ ఎడమ మూల నుంచి కారింది. ఏ దారిలో, ఏ వాలులో, ఏ నెలలో అన్నీ వరసగా చెప్పాను. తడుముకోలేదు. చెబుతుంటే నా గొంతు నాకే బ్యాంకులో లెక్కలు అప్పజెబుతున్నట్టు వినిపించింది.

డాక్టరు రాసుకున్నాడు. రాసుకుని తల ఎత్తి, కోపం లేకుండానే అడిగాడు.

"ఇంత బాగా గమనించారు. మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

మరదలు నన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రానికి అయింది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదని ముందే చెప్పారు. తమ్ముడికి తెలివి వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టాడు. కానీ మింగడం పోయింది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవి. జ్వరం పట్టుకుంది. నేను వాడి కుడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉమర్‌పాడా అడవి గురించి మాట్లాడేదాన్ని. చెయ్యి ఊపేవాడు, కార్ఖానాలో ఊపినట్టు, సరే సరే అని. పదకొండో రోజు మధ్యాహ్నం పోయాడు. వాడికి ముప్పై తొమ్మిదేళ్లు.

కర్మ అయ్యాక వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. మరదలూ నేనూ వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాం. నన్ను తిడుతుందని ఎదురుచూశాను ఆ పది రోజులూ. తిడితే తట్టుకోగలను. నేనూ నోరున్నదాన్నే, తిట్టు పడి ఏడ్చి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. చివరికి నేనే అన్నాను.

"నాదే తప్పు పిల్లా. నీకు నేను గట్ల చెప్పకపోతే బాగుండు."

ఆమె చేతిలో పళ్లెం తుడవడం ఆపలేదు. దాన్ని బోర్లించి మెల్లగా అంది.

"నిన్ను తోల్కొని, ఆయన్ను కార్ఖానల నుంచే దవాఖానకు తీస్కపోదమని నేను బయల్దేరే వచ్చిన వదినా ఆ రోజు. ఆయన బట్టలు గూడ సంచిల పెట్టుకొనే వచ్చిన. సంచి మీ గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చిన. నువ్వు చెప్పినంక మల్ల పట్టుకొని పోయిన."