అక్క బొటనవేలు

పలాసలో మా అక్క ఇరవయ్యేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. మొన్న ఆదివారం కొత్త ఫోను నా చేతికిచ్చి, వేలిముద్రతో లాక్ పెట్టమంది. నాకు చిర్రెత్తింది. వేలిముద్ర ఒకసారి యంత్రానికిచ్చాక అది ఎవరి చేతికి పోతుందో తెలియదనీ, లాక్ నంబరైతే మార్చుకోవచ్చు గానీ వేలు మార్చుకోలేమనీ పావుగంట క్లాసు పీకాను.

అంతా విని, "సర్లే, ముందు ఎట్టి సూద్దాం," అంది.

బొటనవేలు పెట్టింది. ఫోను గుర్తుపట్టలేదు. అద్దం మీద మరకేమోనని తుడిచిచ్చాను. పది వేళ్లూ అయ్యాయి. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. పిక్కల పెంకులోంచి కారే నూనెకి వేళ్ల కొసలు నల్లబడి, ఒలిచిన పప్పులా నున్నగా ఉన్నాయి. ఒక్క గీతా లేదు.

అక్క నవ్వింది. "నంబరే ఎట్టురా తమ్ముడా. నా ఏలిముద్రలు పిక్కలు ఎప్పుడో తినేసినాయి. ఇంక ఈ ఫోనుకి దొంగిలించడానికి ఏటుంది?"

నంబరు లాక్ ఎక్కడుంటుందో నెట్‌లో వెతుకుదామని జేబులోంచి నా ఫోను తీశాను. బొటనవేలు ఆనించగానే తెరుచుకుంది.