అట్లాసులో మా ఒడ్డు

నా చిన్నప్పుడు ఉప్పాడలో నన్ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. నాన్న సరుకుల ఓడలో వంటవాడు. ఆయన కాకినాడలో ఓడెక్కిన రోజు మొదలు నా కాళ్ళు ఇంటికీ ఒడ్డుకీ మధ్యే తిరిగేవి. పేపర్లో ఎక్కడ ఓడ మునిగిందని పడినా, ఎక్కడ రెండు ఓడలు గుద్దుకున్నాయని పడినా, బడి అట్లాసు తీసి అక్కడ ఎర్రసిరాతో చుక్క పెట్టేదాన్ని. సింగపూరు పక్కనున్న సన్నటి సముద్రపు దారి అంతా ఎర్రబడిపోయింది. నాన్న ఓడ వెళ్ళేదీ ఆ దారినే. ఇక నాకు అన్నం ఎక్కడ సహిస్తుంది?

అమ్మ తిట్టి చూసింది, బతిమాలి చూసింది. చివరికి వలలు అల్లుకుని బతికే పక్కింటి అక్కని పిలుచుకొచ్చింది. అక్క నన్ను ఓదార్చలేదు. నా చేతిలో సుద్దముక్క పెట్టి, ఇంట్లో ఎక్కడెక్కడ జారిపడ్డానో గుర్తులు పెట్టమంది. నూతి దగ్గర, గడప దగ్గర, పొయ్యి దగ్గర గుర్తులే గుర్తులు. చీకటి కొట్టుగదిలో మాత్రం ఒక్కటీ లేదు.

"అయితే ఆడుకోడానికి కొట్టుగదే మంచిదంటావేంటే?" అంది.

"అమ్మో, తేళ్ళుంటాయక్కా! నేనసలు అందులోకి వెళ్ళనే వెళ్ళను."

"అదే నే చెప్పేది. నలుగురూ తిరిగేచోటే చుక్కలు పడతాయి. చుక్క లేదని భయం లేనట్టు కాదు. మీ నాన్న వెళ్ళే దారిలో ఓడ వెనక ఓడ ఉంటుంది. ఏదన్నా అయితే చూసేవాళ్ళుంటారు, చెయ్యందించేవాళ్ళుంటారు."

నా ప్రాణం కాస్త కుదుటపడింది. అట్లాసు మూసేయబోతుంటే అక్క ఆపి, మన ఊరెక్కడో చూపించమంది. చూపించాను. ఆ పక్కన సముద్రమంతా నీలంగా, శుభ్రంగా ఉంది. అక్క నా కలం తీసుకుని ఉప్పాడకి కాస్త అవతల ఒక చుక్క పెట్టింది. ఆమె భర్త తెప్ప మీద వేటకెళ్ళి తిరిగిరాలేదని ఊరందరికీ తెలుసు. ఆ కబురు ఏ పేపర్లోనూ పడలేదు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న ఆ యేడు క్షేమంగానే వచ్చారు. ఇప్పుడు మా మనవడు ప్రపంచంలో ఓడ ప్రమాదాలు జరిగిన చోట్లన్నీ ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపిస్తుంటాడు. ఎర్రగా ఉన్నవి చూడు నానమ్మా అంటాడు. నేనేమో మన ఒడ్డు దగ్గరికి జరపరా అంటాను. జరుపుతాడు. అక్కడ ఇప్పటికీ అంతా నీలమే. ఆ పూట ఇక నాకు కాలు ఒకచోట నిలవదు.